సోషల్ డిడక్షన్ గేములు

సోషల్ డిడక్షన్ గేములు అనగా ఆడేవారిలో కొందరు తమ అసలు పాత్రను దాచిపెట్టగా, మిగిలినవారు మాటలను బట్టి, నడవడిని బట్టి వారెవరో కనిపెట్టవలసిన ఆటలు. తెలుగులో వీటిని సామాజిక నిగమన క్రీడలు అని చెప్పుకొనవచ్చును. తెలిసిన విషయాల నుండి తెలియని దానిని తర్కించి రాబట్టుటను నిగమనం అంటారు. ఈ ఆటలు మొదట గదిలో గుండ్రంగా కూర్చుని ఆడే మాటల ఆటలుగా పుట్టినవి. 2000 తరువాత కంప్యూటర్లలోకి, ఆపైన మొబైల్ ఫోన్లలోకి ప్రవేశించినవి. 2020లో అమాంగ్ అస్ అనే ఆట వలన వీటి పేరు ప్రపంచమంతటా వినిపించినది. పలువురు కలిసి ఆడే వీడియో గేములే ఈ వ్యాసంలో ముఖ్య విషయం. అయితే వాటికి మూలమైన మాఫియా ఆట తెలియనిదే ఇవి సరిగా అర్థం కావు.

మాఫియా ఆట

ఈ ఆటలన్నిటికీ మూలపురుషుడు దిమిత్రీ దవిదోవ్. ఈయన మాస్కో ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో మనస్తత్వశాస్త్ర విద్యార్థిగా ఉన్నప్పుడు, 1986-87 ప్రాంతంలో మాఫియా అనే ఆటను రూపొందించాడు. అది తరగతి గదుల నుండి వసతి గృహాలకు, వేసవి శిబిరాలకు పాకి, 1990లలో ఐరోపా, అమెరికా దేశాలకు చేరినది. 1997లో అమెరికాకు చెందిన ఆండ్రూ ప్లాట్కిన్ ఇందులోని మాఫియా ముఠా స్థానంలో మనిషి రూపంలో తిరిగే తోడేళ్ళను పెట్టి వేర్‌వుల్ఫ్ అనే పేరుతో ప్రచారం చేశాడు. నియమాలు దాదాపు అవే, కథ మాత్రం మారినది. ఊరిలో పగలు మనిషిగా, రాత్రి తోడేలుగా తిరిగేవాడనే ఊహ ఆటకు బాగా అతికినందున చాలా దేశాలలో ఈ రెండవ పేరే నిలిచినది.

ఆట విధానం చాలా సులభం. చీటీలు పంచి కొద్దిమందిని మాఫియాగా, మిగిలినవారిని పౌరులుగా నిర్ణయిస్తారు. ఒకరు ఆటలో చేరకుండా నిర్వాహకునిగా ఉంటారు. రాత్రి అయినదని నిర్వాహకుడు చెప్పగానే అందరూ కళ్ళు మూసుకొంటారు. మాఫియావారు మాత్రం కళ్ళు తెరచి, ఒకరినొకరు గుర్తించి, సైగలతో ఒక పౌరుని ఎన్నుకొంటారు. తెల్లవారిన తరువాత ఆ పౌరుడు చనిపోయినట్లు ప్రకటన వస్తుంది. అప్పుడు బ్రతికినవారందరూ వాదించుకొని, ఓటు వేసి, అనుమానం ఉన్న ఒకరిని వెలివేస్తారు. మాఫియావారందరూ బయటపడితే పౌరులు, పౌరులతో సమానమైన సంఖ్యకు మాఫియా చేరుకొంటే మాఫియా గెలిచినట్లు లెక్క.

దవిదోవ్ ఆలోచన ప్రకారం ఇది రెండు వర్గాల పోరాటం. ఒకటి అంతా తెలిసిన కొద్దిమంది, రెండవది ఏమీ తెలియని చాలామంది. కొద్దిమందికి సమాచారబలం ఉన్నది, చాలామందికి సంఖ్యాబలం ఉన్నది. ఈ ఒక్క వాక్యాన్ని గుర్తుంచుకొంటే తరువాత వచ్చిన ఆటలన్నిటినీ పోల్చి చూడవచ్చును. ఏ ఆటైనా ఈ రెండు బలాల మధ్య త్రాసును ఎటు వంచినది అన్నదే ప్రశ్న.

తెలుగు పిల్లల చీటీల ఆట

పాత్రను దాచి, దానిని కనిపెట్టే ఆట మనవారికి కొత్త కాదు. తెలుగునాట పిల్లలు ఆడే రాముడు-సీత ఆటలో రాముడు, సీత, లక్ష్మణుడు, భరతుడు మొదలైన పేర్లు చీటీల మీద వ్రాసి, మడిచి, కలిపి విసురుతారు. రాముని చీటీ వచ్చినవాడు తన సంగతి చెప్పి, మిగిలినవారి ముఖాలు చూసి సీత ఎవరో చెప్పవలెను. ఉత్తర భారతంలో రాజా, మంత్రి, చోర్, సిపాహీ అనే పేర్లతో ఇటువంటిదే మరొక ఆట కలదు.

అయితే వీటికి, మాఫియాకు ఒక ముఖ్యమైన భేదం ఉన్నది. చీటీల ఆటలో ఊహించేవాడు ఒక్కడే, అవకాశమూ ఒక్కటే. ముఖకవళికలను చదువుట తప్ప వేరే ఆధారం లేదు. మాఫియాలో ఊహ సమష్టిగా జరుగుతుంది, పలుమార్లు జరుగుతుంది, ప్రతిసారీ కొంత కొత్త సమాచారం చేరుతుంది. నిన్న ఎవరు ఎవరికి ఓటు వేశారు, ఎవరిని వెనకేసుకొచ్చారు, ఇంకా ఎవరు బ్రతికి ఉన్నారు అన్నవి అన్నీ నేటికి సాక్ష్యాలే. నిగమనం అన్న మాట దీనికే తగును.

ఓటు వెనుక లెక్క

ఈ ఆటలలో గెలుపు మాటకారితనం మీదనే ఆధారపడుతుందని చాలామంది అనుకొంటారు. కాని పాఠశాల స్థాయి సంభావ్యతతోనే కొన్ని ఆసక్తికరమైన ఫలితాలు రాబట్టవచ్చును. ఒకే ఒక మాఫియా ఉన్నాడని, ఎవరికీ ఏ ఆధారమూ లేదని, పగలు ఓటు కేవలం లాటరీ వలె పడుతుందని, ప్రతి రాత్రి ఒక పౌరుడు చనిపోతాడని అనుకొందాము. ఆట పగటితో మొదలగును.

ముగ్గురు మిగిలినప్పుడు పౌరులు గెలిచే అవకాశం 1/3. తప్పు మనిషిని వెలివేస్తే ఇద్దరే మిగులుదురు, అంతటితో మాఫియా గెలుచును. నలుగురు మిగిలినప్పుడు అవకాశం ఇంకా ఎక్కువ ఉండాలని తోచును గాని, నిజానికి అది 1/4 మాత్రమే. ఎందుకనగా తప్పు మనిషి వెళ్ళి ముగ్గురు మిగిలిన వెంటనే రాత్రి వచ్చి మరొకరు చనిపోదురు, రెండవ ఓటుకు అవకాశమే రాదు. ఇదే పద్ధతిలో లెక్కిస్తే 5గురికి 7/15 (సుమారు 47 శాతం), 6గురికి 3/8 (37.5 శాతం), 7గురికి 19/35 (సుమారు 54 శాతం) వచ్చును. బేసి సంఖ్య పౌరులకు అనుకూలం, సరి సంఖ్య ప్రతికూలం.

ఇక్కడ ఒక చిన్న ఉపాయం ఉన్నది. నలుగురు మిగిలినప్పుడు పౌరులు ఎవరినీ వెలివేయకుండా ఊరుకొంటే, రాత్రికి ఒకరు పోయి మరునాడు ముగ్గురు మిగులుదురు. అప్పుడు అవకాశం 1/4 నుండి 1/3కు పెరుగును. 6గురు ఉన్నప్పుడు కూడా అంతే, ఊరుకొంటే 37.5 శాతం కాస్తా 47 శాతం అగును. తరువాతి కాలపు వీడియో గేములలో ఓటు వేయకుండా దాటవేసే మీట ఎందుకు ఉన్నదో దీనిని బట్టి తెలియును. కొత్తగా ఆడేవారు ఎవరో ఒకరిని పంపివేయాలన్న తొందరలో ఈ మీటను పట్టించుకోరు. ఆధారం లేని ఓటు మాఫియాకు ఉచితంగా దొరికే ఒక రాత్రి వంటిది.

పెద్ద గుంపుల సంగతిని గణితవేత్తలు కూడా పరిశీలించారు. మార్క్ బ్రేవర్‌మన్, ఒమిద్ ఎతెసామీ, ఎల్కనన్ మోసెల్ 2008లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, మొత్తం ఆటగాళ్ళ సంఖ్య యొక్క వర్గమూలం స్థాయిలో మాఫియా ఉన్నా చాలు, ఇరుపక్షాలకూ పోల్చదగిన అవకాశం ఉండును. అనగా ఆటగాళ్ళు నాలుగింతలైతే మాఫియాను రెండింతలు చేసిన సరిపోవును. కాని అందులో నిజం కనిపెట్టగల డిటెక్టివులు అతి కొద్దిమంది చేరినా లెక్క తలక్రిందులగును. అప్పుడు మాఫియా సంఖ్య మొత్తం జనసంఖ్యకు అనుపాతంలో పెరిగితే తప్ప నిలబడలేదు. నమ్మదగిన ఒక్క సాక్షికి ఎంత విలువ ఉన్నదో ఈ ఫలితం చూపుచున్నది.

కంప్యూటర్ తెచ్చిన మార్పులు

మాటల ఆటను కంప్యూటర్‌లోకి తెచ్చినప్పుడు మూడు మార్పులు జరిగినవి. మొదటిది, నిర్వాహకుని అవసరం తీరిపోయినది. చీటీలు పంచుట, రాత్రి చేష్టలను గుర్తుంచుకొనుట, ఓట్లు లెక్కించుట యంత్రమే చేయును. నిర్వాహకునికి మనసులో ఒకటి ఉండి ముఖంలో బయటపడే ప్రమాదం కూడా పోయినది. రెండవది, చాలా ఆటలలో ముఖం కనిపించదు. ముఖకవళికలు చదివే నేర్పుకు బదులు జ్ఞాపకశక్తి, సమయాన్ని లెక్కకట్టుట ముఖ్యమైనవి.

మూడవది అన్నిటికంటే పెద్ద మార్పు. గదిలో ఆడే మాఫియాలో హత్యకు సాక్షి ఉండడు, అందరూ కళ్ళు మూసుకొని ఉందురు. వీడియో గేములో హత్య ఒక చోట, ఒక సమయంలో జరుగును. ఆ సమయానికి ఎవరు ఎక్కడ ఉన్నారు, ఎవరు ఆ వైపు నుండి వచ్చారు, దీపాలు ఎందుకు ఆరినవి అన్న ప్రశ్నలు పుట్టినవి. ఉత్త అనుమానం స్థానంలో సాక్ష్యం వచ్చినది. దానితోపాటు అబద్ధపు సాక్ష్యం కూడా వచ్చినది.

ముఖ్యమైన ఆటలు

ది షిప్

స్కాట్లండులోని ఎడిన్‌బరోకు చెందిన అవుటర్‌లైట్ సంస్థ తయారుచేయగా 2006లో విడుదలైనది. 1920ల నాటి విహారనౌక ఇందులో రంగస్థలం. ప్రతి ఒక్కరికి ఒక వేట ఇవ్వబడును, అదే సమయంలో మరొకరెవరో తనను వేటాడుచుందురు. ఎవరో మాత్రం తెలియదు. పరులు చూచుచుండగా హత్య చేస్తే జైలు తప్పదు. మధ్యలో ఆకలి, నిద్ర, స్నానం వంటి అవసరాలను కూడా తీర్చుకొనవలెను. వర్గాలు, ఓటు లేనందున దీనిని శుద్ధమైన సోషల్ డిడక్షన్ ఆటగా లెక్కించుట కష్టమే. అయినా జనం మధ్య మామూలుగా నటించుచు పని కానిచ్చుట అనే రుచిని వీడియో గేములలో ముందుగా చూపినవాటిలో ఇది ఒకటి.

ట్రబుల్ ఇన్ టెర్రరిస్ట్ టౌన్

గ్యారీస్ మాడ్ అనే ఆటకు ఒక అభిమాని 2009 ప్రాంతంలో చేర్చిన విభాగం ఇది. ఆడేవారిలో సుమారు నాలుగవ వంతు ద్రోహులు, మిగిలినవారు నిర్దోషులు. ఆటగాళ్ళు ఎక్కువగా ఉన్నప్పుడు కొందరు డిటెక్టివులుగా ఉందురు, వారెవరో అందరికీ తెలియును. అందరి చేతిలోనూ తుపాకులు ఉండును. అనుమానం వచ్చినవానిని ఓటుతో నిమిత్తం లేకుండా కాల్చివేయవచ్చును. దీనివలన ఆట క్షణంలో అల్లకల్లోలం కావలెను గదా అని అడుగవచ్చును. దానికి చేసిన ఏర్పాటు పేరు కర్మ. తన పక్షంవారిని గాయపరిచినవాని కర్మ తగ్గును, తరువాతి ఆటలలో వాని తుపాకీ దెబ్బకు బలం తగ్గును. చేసిన పని ఫలం తరువాతి ఆటలో అనుభవించుట అన్నది కనుక ఆ పేరు బాగానే కుదిరినది. శవాన్ని పరిశీలించి గుర్తించేవరకు మనిషి చనిపోయినట్లు లెక్కలోకి రాడు అన్న నియమం కూడా గొప్పది. ఎవరు కనిపించుట లేదు అన్నదే మొదటి ఆధారమగును.

టౌన్ ఆఫ్ సేలం

మంత్రగత్తెల విచారణలకు పేరుపడిన అమెరికాలోని సేలం ఊరి నేపథ్యంలో బ్లాంక్ మీడియా గేమ్స్ సంస్థ 2014లో విడుదల చేసినది. 7 నుండి 15 మంది ఆడవచ్చును. మాఫియా ఆటకు అత్యంత సమీపంలో ఉన్న వీడియో గేము ఇదే. సంభాషణ అంతా టైపు చేయుటయే. రాత్రి ఎవరో ఒకరిని కాపాడే వైద్యుడు, అనుమానితుని విచారించే షెరీఫ్, ఖైదీని ప్రశ్నించే జైలరు, ఒకరి ఇంటికి ఎవరెవరు వచ్చారో కాపు కాసి చూచేవాడు, ఇలా ప్రతి ఒక్కరికీ ఒక్కొక్క శక్తి ఉన్నది. నిందితునికి తన వాదన చెప్పుకొనే సమయం ఇచ్చి, ఆ తరువాతనే దోషి, నిర్దోషి అని ఓటు వేయుదురు.

ఇందులోని రెండు అంశాలు ప్రత్యేకంగా చెప్పదగినవి. ఒకటి వీలునామా. ప్రతి ఒక్కరు ఏ రాత్రి ఏమి చేశారో, ఏమి తెలుసుకొన్నారో వ్రాసి పెట్టుకొందురు. వారు చనిపోయినప్పుడు అది అందరికీ కనిపించును. దొంగ వీలునామాలు వ్రాయుటలో ఆరితేరినవారు ఉన్నారు. రెండవది జెస్టర్ అనే విదూషకుని పాత్ర. ఊరివారు తనను ఉరితీస్తేనే ఇతడు గెలుచును. కనుక మరీ అనుమానాస్పదంగా ప్రవర్తించేవాడు మాఫియాయా, విదూషకుడా అని ఊరు తల పట్టుకొనవలెను. ఈ ఒక్క పాత్రతో తొందరపాటు ఓటుకు వెల పెట్టినట్లయినది. పాత్రల జాబితా పెద్దది కనుక కొత్తవారికి మొదటి పది ఆటలు అయోమయంగానే గడచును. ఓపిక పట్టినవారికి మాత్రం ఈ వర్గంలో ఇంతకంటే లోతైన తర్కం దొరుకుట అరుదు. దీని రెండవ భాగం 2023లో వచ్చినది.

అమాంగ్ అస్

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రానికి చెందిన ఇన్నర్‌స్లాత్ సంస్థ 2018 జూన్‌లో మొబైల్ ఫోన్లకు, అదే సంవత్సరం నవంబరులో కంప్యూటర్లకు విడుదల చేసినది. దీని మూలం కూడా ఒక ఇంటి ఆటయే. సంస్థలో ఒకరైన మార్కస్ బ్రోమాండర్ చిన్ననాట ఆడిన మాఫియాలో అందరూ చీటీలు తీసుకొని ఇంట్లో తిరుగుచుండగా, హంతకుడు ఎవరికీ తెలియకుండా ఒకరి ముందు మెడ మీద వేలు అడ్డంగా గీసి చూపేవాడు. శవం కనబడినప్పుడు అందరూ చేరి ఓటు వేసేవారు. ఊరికే తిరుగుటకు బదులు ఏదైనా పని ఉంటే బాగుండునన్న ఆలోచన నుండి ఈ వీడియో గేము పుట్టినది. 1982 నాటి ది థింగ్ అనే చలనచిత్రం కూడా దీనికి ప్రేరణ.

అంతరిక్ష నౌకలో సిబ్బంది తీగలు కలుపుట, చెత్త పారవేయుట వంటి చిన్న చిన్న పనులు చేయుచుందురు. వారిలో ఒకరు మొదలు ముగ్గురు వరకు ఇంపోస్టర్లు, అనగా సిబ్బంది వేషంలోని హంతకులు. వీరు పనులు చేయుచున్నట్లు నటింతురు, దీపాలు ఆర్పుదురు, గాలి గొట్టాలలో దూరి వేరొక గదిలో తేలుదురు. శవం కనబడినప్పుడు గాని, ఎవరైనా అత్యవసర మీట నొక్కినప్పుడు గాని సమావేశం జరుగును. సమావేశంలో తప్ప బయట మాట్లాడరాదు. పనులన్నీ పూర్తయినా, ఇంపోస్టర్లందరూ వెళ్ళగొట్టబడినా సిబ్బంది గెలుచును. చనిపోయినవారు దయ్యాలుగా తమ పనులు కొనసాగించవచ్చును గనుక వారికి ఆట ముగిసిపోదు. పాత మాఫియాలో మొదటి రాత్రే చనిపోయి గంటసేపు గోడకానుకొని కూర్చున్నవారికి ఈ మార్పు విలువ బాగా తెలియును.

ఈ ఆట నిర్మాణంలోని తెలివి పనుల దగ్గర ఉన్నది. పనులు స్వతహాగా పిల్లలాటలే. కాని పని చేయుచున్నవాని తెర మీద ఆ పనే నిండి ఉండును, చుట్టూ ఏమి జరుగుచున్నదో సరిగా కనబడదు. అనగా సమాచారం లేని వర్గానికి సమాచారం అందకుండా చేసేది వారి విధినిర్వహణయే. మరొక వైపు, వైద్యపరీక్ష వంటి కొన్ని పనులు ప్రక్కవారికి కనబడును. అట్టి పని చేసి చూపినవాడు నిర్దోషి అని తేలును, ఇంపోస్టర్లు వానినే ముందు వేటాడుదురు. ఈ దృశ్యాలను ఆపివేసే వెసులుబాటు కూడా ఉన్నది. అనుభవజ్ఞులు ఆపివేసే ఆడుదురు.

విడుదలైన రెండేళ్ళ వరకు దీనిని పట్టించుకొన్నవారు కొద్దిమందే. 2020 వేసవిలో కోవిడ్ కారణంగా జనం ఇళ్ళలో ఉన్నప్పుడు ట్విచ్, యూట్యూబులలో ఆటలు ప్రసారం చేసేవారు దీనిని ఎత్తుకొన్నారు. సెప్టెంబరులో స్టీమ్ వేదిక మీదనే ఒకే సమయంలో 4 లక్షలకు పైగా ఆడినారు. భారతదేశంలోనూ ఆన్‌లైను తరగతులతో విసిగిన విద్యార్థులలో ఇది బాగా వ్యాపించినది. అప్పటికి దీని వెనుక ఉన్నది ముగ్గురు మనుషుల బృందమే. 2020 ఆగస్టులో రెండవ భాగం చేస్తామని ప్రకటించి, సెప్టెంబరులో ఆ ఆలోచన విరమించి, ఉన్న ఆటనే బాగుచేయుటకు పూనుకొన్నారు. అక్టోబరులో అమెరికా ప్రతినిధుల సభ సభ్యురాలు అలెగ్జాండ్రియా ఒకాసియో-కోర్తెజ్ ఎన్నికలలో ఓటు వేయుమని యువతను కోరుటకు ఈ ఆటనే ప్రసారం చేయగా, ఒక దశలో 4 లక్షలకు పైగా చూచినారు. ఆ సంవత్సరం గేమ్ అవార్డులలో ఉత్తమ బహుళ ఆటగాళ్ళ ఆట, ఉత్తమ మొబైల్ ఆట బహుమతులు దీనికే దక్కినవి. 2021 జూన్‌లో ఆటగాళ్ళ పరిమితి 10 నుండి 15కు పెరిగినది, అదే సంవత్సరం నవంబరులో శాస్త్రవేత్త, ఇంజనీరు, రూపం మార్చేవాడు మొదలైన పాత్రలు చేర్చబడినవి.

2021 ఆగస్టులో ఎపిక్ గేమ్స్ సంస్థ తన ఫోర్ట్‌నైట్ ఆటలో ఇంపోస్టర్స్ అనే పేరుతోనే ఒక విభాగం ప్రవేశపెట్టినప్పుడు ఇన్నర్‌స్లాత్ వారు బహిరంగంగానే నొచ్చుకొన్నారు. ఆట నియమాలకు కాపీరైటు వర్తించదు, మాఫియా నుండి వచ్చిన సూత్రం ఎవరి సొత్తూ కాదు. అయినా పేరు, గదుల అమరిక వరకు పోలిక రావలసిన పని ఉన్నదా అన్నది అప్పటి వివాదం. 2022లో రెండు సంస్థలూ కలిసి పనిచేయుటతో అది సమసిపోయినది.

ప్రాజెక్ట్ వింటర్

కెనడాకు చెందిన అదర్ ఓషన్ సంస్థ 2019లో విడుదల చేసినది. మంచు అడవిలో చిక్కుకొన్న 8 మంది ఆహారం వెదకి, యంత్రాలు బాగుచేసి, సహాయాన్ని పిలిచి తప్పించుకొనవలెను. వారిలో కొందరు ద్రోహులు. ఇందులో దగ్గరగా ఉన్నవారి మాటలే వినబడును. దూరం వెళ్ళినకొద్దీ గొంతు సన్నగిల్లును. ఇద్దరు చెట్టు చాటుకు పోయి గుసగుసలాడినారంటే అది ద్రోహమా, జాగ్రత్తయా అన్నది మూడవవానికి తెలియదు. సమావేశంలో మాత్రమే మాట్లాడే అమాంగ్ అస్‌కు ఇది పూర్తిగా వ్యతిరేక పద్ధతి. బ్రతుకు కష్టమైనచోట ద్రోహిని కూడా వెంటనే వదులుకోలేరు, వాడు తెచ్చే కట్టెలు కూడా అవసరమే. ఈ మెలిక మరే ఇతర ఆటలోనూ ఇంత బాగా పండలేదని చెప్పవచ్చును.

గూస్ గూస్ డక్

గ్యాగుల్ స్టూడియోస్ 2021లో ఉచితంగా విడుదల చేసిన ఈ ఆటలో సిబ్బంది పెద్దబాతులు, హంతకులు బాతులు. చూపుకు అమాంగ్ అస్‌ను బాగా పోలి ఉండును. దగ్గరివారికే వినబడే సంభాషణ, పదులకొద్దీ పాత్రలు దీని ప్రత్యేకతలు. ఇందులో డోడో పక్షి టౌన్ ఆఫ్ సేలంలోని విదూషకునికి తమ్ముడు, వెలివేయబడితేనే గెలుచును. 2022 చివరలో చైనాలో దీనికి హఠాత్తుగా ఆదరణ పెరిగి, 2023 జనవరిలో స్టీమ్‌లో ఒకే సమయంలో ఆడేవారి సంఖ్య 7 లక్షలు దాటినది.

ఇవి గాక, ఇద్దరే ఆడే స్పై పార్టీ విలక్షణమైనది. విందులో తిరిగే జనంలో ఒక బొమ్మను మాత్రమే మనిషి నడుపును, మరొకరు దూరం నుండి తుపాకీ గురిపెట్టి ఆ మనిషి ఎవరో కనిపెట్టవలెను. 2019లో జపానులో వచ్చిన నోసియా ఒంటరిగా ఆడేది, ఎదుటివారందరూ కంప్యూటరు పాత్రలే. 2024లో వచ్చిన లాక్‌డౌన్ ప్రోటోకాల్ అమాంగ్ అస్ పద్ధతిని పాత్రధారి కళ్ళతో చూచే దృశ్యంలోకి మార్చినది.

యంత్రం ఆడగలదా

2019లో ఎం.ఐ.టి., హార్వర్డ్ పరిశోధకులు డీప్‌రోల్ అనే ప్రోగ్రామును తయారుచేసి అవలాన్ అనే ఆటలో మనుషులతో ఆడించారు. ఇదీ ఈ కోవకు చెందిన ఆటయే, ఆర్థర్ రాజు కథలోని పాత్రలతో సాగును. డీప్‌రోల్ ఒక్క మాట కూడా మాట్లాడకుండా, ఎవరు ఎవరిని ఎన్నుకొన్నారు, ఎవరు ఎలా ఓటు వేశారు అన్న వాటినే లెక్కించి మనుషుల కంటే మెరుగుగా ఆడినది. దీనిని బట్టి విద్యార్థులు ఒకటి గ్రహించవచ్చును. ఈ ఆటలలో మాటల కంటే ఓట్ల చరిత్రలోనే ఎక్కువ సాక్ష్యం ఉండును. మనిషి మాట మార్చగలడు గాని వేసిన ఓటును మార్చలేడు.

ఇబ్బందులు, విమర్శలు

ఈ ఆటలకు ప్రాణం, శత్రువు కూడా ఆడేవారే. చనిపోయినవాడు ఫోనులో స్నేహితునికి హంతకుని పేరు చెప్పివేస్తే ఏ నియమమూ ఆపలేదు. అపరిచితుల గదులలో తాను ఇంపోస్టరు కాలేదని తెలియగానే ఆట వదిలిపోయేవారు కోకొల్లలు. ఆధారం అడిగినవానినే అనుమానించి పంపివేయుట, కొత్తగా వచ్చిన, తడబడే పిల్లవానిని ప్రతిసారీ మొదటి ఓటుకు బలిచేయుట తరచు కనిపించును. తడబాటు అబద్ధానికి గుర్తు కాదు. భాష సరిగా రానివాడు, టైపు చేయుటలో నెమ్మదిగా ఉన్నవాడు, సహజంగా మౌనంగా ఉండేవాడు కూడా తడబడును. ఆంగ్లంలో సాగే గదులలో తెలుగు పిల్లలకు ఈ చిక్కు ప్రత్యేకంగా ఎదురగును. ఇందుకు తెలిసినవారితో తెలుగులోనే ఆడుకొనుట మంచి విరుగుడు. బహిరంగ గదులలో దుర్భాష కూడా పెద్ద సమస్యయే. చిన్నపిల్లల కొరకు అమాంగ్ అస్‌లో స్వేచ్ఛగా టైపు చేయుటకు బదులు ముందే ఇచ్చిన వాక్యాలలో నుండి ఎన్నుకొనే పద్ధతి ఏర్పాటు చేయబడినది. అది భద్రమే గాని, వాదన ఆటలో వాదన సగం పోయినట్లే.

మరొక ఇబ్బంది మనుగడకు సంబంధించినది. చదరంగానికి ఇద్దరు చాలు. ఈ ఆటలకు ఒకే సమయంలో, ఒకే ఉత్సాహంతో 8 మందో 10 మందో కావలెను, సర్వరు కూడా నడుచుచుండవలెను. ఉత్తర ధ్రువ సముద్రంలో ప్రయాణించే ఓడ నేపథ్యంగా 2022 జనవరిలో వచ్చిన డ్రెడ్ హంగర్ మంచి పేరు తెచ్చుకొని కూడా రెండేళ్ళకే, 2024 ఆరంభంలో మూతపడినది. డబ్బు పెట్టి కొనేముందు ఆ ఆటను ఇప్పుడు ఎంతమంది ఆడుచున్నారో చూచుకొనుట అవసరం.

ఏది ఎవరికి తగును

మొదటిసారి ఆడేవారికి, ఇంటిల్లిపాదికి అమాంగ్ అస్ తగినది. నియమాలు ఐదు నిమిషాలలో తెలియును, సాధారణ ఫోను చాలును. 7గురికి తక్కువైతే ఒక్క ఇంపోస్టరునే ఉంచవలెను. తర్కం ఇష్టపడేవారికి, చదువుట, వ్రాయుట విసుగు లేనివారికి టౌన్ ఆఫ్ సేలం నచ్చును. గొంతుతో మాట్లాడుకొనుట ఇష్టమైన, ఒకరినొకరు బాగా ఎరిగిన స్నేహబృందానికి ప్రాజెక్ట్ వింటర్ సరిపోవును. డబ్బు ఖర్చు లేకుండా ఎక్కువమంది ఆడదలచినచో గూస్ గూస్ డక్ ఉన్నది. పదిమంది ఒకే గదిలో ఉన్నప్పుడు మాత్రం వీటిలో ఏదీ అవసరం లేదు. పది కాగితపు ముక్కలు, నిర్వాహకునిగా కూర్చొనుటకు ఒప్పుకొనే ఒక మనిషి ఉంటే దవిదోవ్ ఆట ఈనాటికీ అలాగే సాగును.